చెవి చుట్టూ వేలు

ఆ ఆదివారం పొద్దుటికి నా చేతిలో ఉన్నవి ఇవి. భివండిలో, కామత్‌ఘర్ సందులో ఇరవై నాలుగు సాంచాలు. మరమగ్గాన్ని మేం సాంచా అనే అంటాం. పగటి పాళీకి ఆరుగురు మనుషులు, రాత్రి పాళీకి ఆరుగురు. వాళ్లందరికీ పెద్దదిక్కు కనుకయ్య. ముప్ఫై ఏళ్ల కింద నా చేతికి మొదటి ధోటా, అంటే నాడె, ఇచ్చి, అది పడుగులో అటూ ఇటూ ఎలా పరిగెత్తాలో నేర్పినవాడు. రోజూ షేర్ ఆటోలో కల్యాణ్ పోయి, అక్కడ లోకల్ పట్టుకుని ముంబైలో బొమ్మల చదువు చదివే కూతురు ప్రాజక్త. ఇవన్నీ పోను, పద్దెనిమిదేళ్లుగా భార్యకు కూడా చెప్పని గుట్టు ఒకటి.

ప్రాజక్త రెండు నెలలు మా షెడ్డు మూలన స్టూలేసుకుని బొమ్మలు గీసింది, నేను వద్దనలేదు. గీసినవి మా సైగలు. సాంచాల మోతలో నోటిమాట పనికిరాదు. పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని మా దగ్గర చేతులే మాట్లాడతాయి. తార్, అంటే పోగు, తెగిందంటే ఒక సైగ, పడుగు చుట్టిన బీము అయిపోయిందంటే ఒకటి, చాయ్ వచ్చిందంటే ఒకటి, ధోటా ఎగిరింది తల వంచమంటే ఒకటి. వీటిని కనుకయ్య ఆమెకు ఒక్కొక్కటే నేర్పాడు. ఆమె ఇరవై రెండు బొమ్మలు వేసింది.

ఆదివారం పొద్దున ఫోను నా ముందు పెట్టింది.

"క్లాసు పనులన్నీ అయిపోయినయ్ బాపూ. ఇగో, అన్నీ ఇన్‌స్టాలో పెట్టిన. శనివారం జ్యూరీ."

"జ్యూరీ అంటే ఏంది?"

"బయటి సార్లొచ్చి సబ్ కుచ్ చూస్తరు. ఒక్కో బొమ్మ మీద సవాల్ చేస్తరు."

గుడ్డ తాకా విప్పి వెలుగుకు పట్టి చూసినట్టు ఒక్కొక్కటే చూశాను. పచ్చడి డబ్బా మీదికి వేసిన బొమ్మ, మరాఠీ పిల్లల కథలో కొంగ, నిజాంపురా పాత తలుపులు. బాగున్నాయి. చివరిది "కామత్‌ఘర్ సైగలు". అది ఇంకా బాగుంది. పంతొమ్మిదో బొమ్మ దగ్గర నా వేలు ఆగింది. ఒక మనిషి కుడి చెవి చుట్టూ చూపుడు వేలు తిప్పుతున్నాడు. కింద మూడు భాషల్లో రాసి ఉంది: సేఠ్ వచ్చిండు.

నేను నోరు మూసుకున్నాను. సరుకులో తప్పు కనపడగానే అరిచేవాడు వ్యాపారానికి పనికిరాడు. కానీ మా ఇంట్లో నా భార్య జమున ఉంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది.

"అయ్యో, ఇదేందే? ఇది ఒంటికి పోయే సైగ గద!"

మా పద్మశాలీ మగవాళ్లకు జంధ్యం ఉంటుంది. ఒంటికి పోయేటప్పుడు దాన్ని కుడి చెవికి చుట్టుకోవాలి. సాంచా వదిలి పోయేవాడు పక్కవాడికి చెవి చుట్టూ వేలు తిప్పి చూపుతాడు. నా సాంచాలు జర చూడు, ఇప్పుడే వస్తానని దాని అర్థం. పెళ్లికి ముందు షెడ్డులో కండెలు చుట్టిన జమునకు అది తెలుసు. జంధ్యం లేని ఆడపిల్లకు ఎలా తెలుస్తుంది?

ప్రాజక్త ముఖం వాడిపోయింది. "కనుకయ్య పెద్దబాపే చెప్పిండు. సేఠ్ లోగ్ హమేషా ఫోన్ చెవికి పెట్టుకునే వస్తరు, గందుకే చెవి అన్నడు."

"మంచిగనే చెప్పిండు," అన్నాను. నిజంగానే మంచి అబద్ధం. అతుకు ఎక్కడుందో కనపడదు.

"నాకు జూఠ్ చెప్పిండా? నాకు?"

ఆ బొమ్మ అప్పుడే తీసేయమన్నాను. ముందు పెద్దబాపును అడగాలి అంది. ఆ ఒక్క పూట ఆలస్యమే మా కొంప ముంచింది.

శాంతి నగర్‌లో అరవై సాంచాలున్న అంకుశానికి ఆ సాయంత్రానికే బొమ్మలు చేరాయి. అంకుశం మా కులంవాడే, కానీ సేఠ్ కొడుకుగా పుట్టి పుణేలో హాస్టల్లో పెరిగాడు. రాఖీ పున్నమినాడు వేసుకున్న జంధ్యం మర్నాటికి ఏ మేకుకు వేలాడుతుందో అతనికే తెలియదు. సాంచాల సేఠ్‌ల వాట్సాప్ గ్రూపులో ఆ బొమ్మలు పెట్టి, "మన మజూర్ల భాష. సేఠ్‌లందరు చదువుకోండ్రి" అని రాశాడు. నలభై బొటనవేళ్లు లేచాయి. నేనూ ఒకటి పెట్టాను. అందరూ మెచ్చుకున్న చోట ఊరుకున్నవాడి మీదే కళ్లు పడతాయి.

మంగళవారం అంకుశం తన షెడ్డులోకి అడుగు పెట్టేసరికి, ఆ చివర సంపత్ అనే మజూరు చెవి చుట్టూ వేలు తిప్పాడు. అంకుశం పరిగెత్తుకెళ్లి ఆ చెయ్యే పట్టుకున్నాడు. "నేనొస్తున్ననని ఖబర్ ఇస్తున్నవా?" ఒంటికి పోతున్నానని సంపత్ ఎంత చెప్పినా వినలేదు. పాళీ ముగియకముందే పంపించేశాడు.

సంపత్‌ది, మా షెడ్డు వాళ్లది ఒకటే ఊరు, ఉండేది ఒకటే వరస ఖోలీ గదుల్లో. సంపత్ పని పోయింది కనుకయ్య చెప్పిన అబద్ధం వల్లేనని అందరికీ తెలిసి, ఆ రోజు నుంచి మా షెడ్డులో అతనికి ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అతని సాంచాలో తార్ తెగితే చెప్పేవాడు లేడు. చాయ్ వస్తే చెప్పేవాడు లేడు. బుధవారం పొద్దున తొమ్మిదో నంబరు నుంచి ధోటా ఎగిరింది. ఇనుప మొనలున్న కట్టె అది, తగిలితే కన్ను పోతుంది. ఒకరికొకరు సైగ చేసుకుని ఐదుగురూ తలలు వంచారు. ఆరోవాడికి ఎవరూ చెప్పలేదు. ధోటా కనుకయ్య భుజాన్ని గీరుకుంటూ పోయి గోడకు తగిలింది. చొక్కా చినిగి, రక్తం సన్నగా పాకింది. అతను తుడుచుకుని మళ్లీ పనిలో పడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు.

ముసలివాణ్ణి షెడ్డులో ఉంచితే ఇవాళ భుజం, రేపు కన్ను. తీసేస్తే నేను నిలబడ్డ నేలనే తవ్వుకున్నట్టు.

సాయంత్రం నాలుగింటికి షెడ్డు పక్కన నా ఆఫీసు గదిలో అతన్ని కూర్చోబెట్టాను. మడతపెట్టిన తాకాల మధ్య ముగ్గురం: నేను, అతను, కాలేజీ నుంచి తొందరగా వచ్చిన ప్రాజక్త. ఆమె బ్యాగు కూడా దించలేదు.

"పెద్దబాపూ, జూఠ్ ఎందుకు చెప్పినవ్?"

"బిడ్డా, ఇరవై రెండు అడిగినవ్. ఇరవై ఒక్కటి నిజమే ఇచ్చిన గద."

"ఇయ్యనంటే నేను గుంజుకుంటుంటినా? అది చెప్పనంటే అయిపోవు."

"చెప్పనంటే, చెప్పరానిది ఒకటున్నదని నీకు ఎర్కైతది. నువ్వు సేఠ్ బిడ్డవు."

ఆ మాటకు ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "నేను సేఠ్ బిడ్డనా? నీ డబ్బాల అన్నం తినుకుంట రెండు నెల్లు కూసున్న. అప్పుడు ఎవల బిడ్డను?"

కనుకయ్య తల దించుకున్నాడు. "గది గూడ నిజమే. దాసుకుందామనే అన్న బిడ్డా. పోయి పోయి సంపత్‌గాని మెడకు సుట్టుకున్నది. వాళ్లు నాతోని చెయ్యి కలుపుతలేరు. వాళ్లది తప్పు గాదు."

"మరి శనివారం నేనేం చెప్పాలె? తప్పు బొమ్మ పెట్టి మార్కులు తీసుకోవాల్నా?"

జవాబు చెప్పేలోపే గదిలోకి అత్తరు వాసన వచ్చింది. దాని వెనక అంకుశం వచ్చాడు.

"దత్తన్నా! నీ బిడ్డ మస్తు పని చేసింది. గానీ మాలు ఖరాబున్నది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పొద్దున షెడ్డు బయట కిటికీ కాడ నిలబడ్డ. ముగ్గురు చెవి తిప్పిండ్రు. ముగ్గురూ సీదా సందాస్‌కు పోయిండ్రు! నన్ను చూసిందెవడు? నేను బయటనే ఉంటి."

జమున ఉంటే నవ్వేసేది. మేం ముగ్గురం నవ్వలేదు.

"అయితే సంపత్ నిజమే చెప్పిండు గద కాకా," అంది ప్రాజక్త. "ఆయన్ను వాపస్ తీసుకోండ్రి."

"తీసుకుంట. ఉత్తగ ఎందుకు తీసుకుంట?" అంకుశం ఆమె వైపు వంగాడు. "నువ్వు రెండు నెల్లు కూసున్నవ్. అసలుది ఏది? సేఠ్ వస్తున్నడంటే వీళ్లు ఏం చేస్తరు? గదొక్కటి చెప్పు. సంపత్ రేపు పొద్దుగాల పాళీ ఎక్కుతడు."

ఆమెకు తెలియదు. తెలిసినవాడు తాకా మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. నోరు విప్పితే భివండిలో ప్రతి షెడ్డులో ఆ సైగ చచ్చిపోతుంది. విప్పకపోతే సంపత్ ఇంట్లో పొయ్యి వెలగదు, కనుకయ్యతో ఎవరూ చెయ్యి కలపరు. రెండు వైపులా నష్టమే.

"నేను చెప్త," అన్నాను.

కనుకయ్య తల గిర్రున నా వైపు తిరిగింది.

ఎడమ చెయ్యి బోర్లా తిప్పాను. దాని మీద కుడి చేత్తో చిటికెడు ఏదో పోసినట్టు చేశాను. ఆపైన తల వంచి ముక్కుతో పీల్చాను. "ఇగో, ఇది."

అంకుశం కళ్లు చిన్నవి చేశాడు. "నీకెట్ల ఎర్క?"

"పన్నెండేండ్లు పరాయి సాంచాల మీద బతికిన అంకుశం. కండ్లు ఏడికి పోతయ్?"

"ముక్కెందుకు?"

ఇక్కడే అమ్మేవాడి పనితనం. వెంటనే చెప్పకూడదు. "వద్దు లే. నీకు మంచిగనిపియ్యదు."

"చెప్పన్నా!"

"నీ అత్తరే. షెడ్డుల నీకంటే ముందు అదే వస్తదట. గందుకే వాసన చూస్తరు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. నమ్మాడని అప్పుడే తెలిసింది. తనను మెచ్చుకునే మాటను మనిషి రెండుసార్లు తిప్పి చూస్తాడు. తిట్టే మాటను ఉన్నపళంగా నమ్ముతాడు.

"మంచిగ చూసి పట్టుకో," అన్నాను. "ఉత్తగ ముక్కు గోకితె కాదు. చెయ్యి బోర్ల తిప్పి, చిటికెడు పోసి, పీల్చాలె. మూడూ ఉంటేనే. ఇంకో మాట. గ్రూపుల పెట్టకు. అందరికీ తెలిస్తే మజూర్లు మార్చేస్తరు. నీ ఒక్కనికే చెప్పిన."

ఒక్కడికే అనేసరికి అతని ముఖం విప్పారింది. లేవబోయాడు. ప్రాజక్త తలుపుకు అడ్డం నిలబడింది.

"కాకా, సంపత్‌కు ఫోన్ చెయ్యండ్రి."

"ఇంటికి పోయి చేస్త బిడ్డా."

"నై కాకా. అభీ. స్పీకర్ మీద."

అంకుశం నవ్వుతూ నా వైపు చూశాడు. "నీ బిడ్డే అన్నా, అనుమానం లేదు." అక్కడే ఫోను చేశాడు. రేపు పొద్దున ఏడింటికి పాళీకి రమ్మన్నాడు. అవతల సంపత్ "అచ్ఛా సేఠ్, అచ్ఛా సేఠ్" అని మూడుసార్లు అన్నాడు.

మెట్లు దిగిన చప్పుడు పోయాక కనుకయ్య నవ్వడం మొదలుపెట్టాడు. భుజం నొప్పికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు.

"ఓరి దత్తూ! వాళ్ల నాయిన సైగ వానికే అంటగట్టినవ్ గదరా!"

ప్రాజక్తకు అర్థం కాలేదు. ఆమెకు నేనే చెప్పాను. నేను పనిచేసిన మొదటి షెడ్డు నిజాంపురాలో అంకుశం తండ్రిది. ఆయన నశ్యం పీల్చేవాడు. భార్యకు పడదని ఇంట్లో డబ్బీ తీసేవాడు కాదు, షెడ్డు గుమ్మంలో నిలబడి పీల్చి లోపలికి వచ్చేవాడు. ఆయన వస్తే మేం చేసే సైగ అది. ఆయన పోయి ఇరవై రెండేళ్లు. ఆ సైగ చేసేవాడు ఇప్పుడు ఏ షెడ్డులోనూ లేడు. పొరపాటున కూడా ఎవరి చేతికీ రాదు. ఎవరినీ పట్టివ్వదు. అటక మీది పాత మాలు దులిపి కొత్తదని అమ్మాను.

ప్రాజక్త కూడా నవ్వింది. నవ్వు ముందు ఆగింది కనుకయ్యకే.

"పాతదని ఎర్కుండే ఇచ్చినవ్," అన్నాడు మెల్లగా. "పాతది ఏదో ఎర్క అంటే, కొత్తది ఏదో గూడ..."

నేను తల ఊపాను.

"ఎప్పటి సంది దత్తూ?"

"సాంచాలు పెట్టిన మొదటి వారం సంది."

ఆ సైగ ఏదో ఇక్కడ రాయను. నేను గుమ్మంలో కాలు పెట్టగానే ఒకరి నుంచి ఒకరికి పోయేది. నేను చూసీ చూడనట్టు నాలుగడుగులు నెమ్మదిగా వేసేవాణ్ణి. ఆ నాలుగడుగుల్లో కునుకు తీసేవాడు లేచేవాడు, ఫోను చూసేవాడు జేబులో పెట్టేవాడు, తెగిన తార్ అతుక్కునేది. నేను అరవనక్కర్లేదు, వాళ్లు పడనక్కర్లేదు. ఇంతకంటే చవకైన కాపలా ఎక్కడ దొరుకుతుంది? అదే నా గుట్టు. ఇద్దరికీ మేలైన బేరమని పద్దెనిమిదేళ్లు లోపల్లోపల మురిసిపోయాను.

అదే మాట అతనితో అన్నాను. "మీకు మేలే చేసిన కనుకన్నా."

"మేలే," అన్నాడు. లేచి నిలబడ్డాడు. "నీ కండ్లు కప్పుతున్నమని మేం అనుకున్నం. మాకంటూ ఉన్నది గదొక్కటే. అది గూడ నువ్వు ఇచ్చిందేనా?"

తలుపు దాకా పోయి ఆగాడు. ఎప్పుడైనా వెళ్తూ "వస్త సేఠ్" అంటాడు, మనసు బాగుంటే "వస్త తమ్మీ" అంటాడు. ఆ రోజు రెండూ అనలేదు.

ప్రాజక్త అప్పుడు బ్యాగు దించింది. తరవాత నా ముందుకు వచ్చింది.

"బాపూ, అసలుది నాకు చూపియ్యి."

చెయ్యి ఎత్తాను. కూతురికి కాక ఎవరికి చెబుతాను?

నా మణికట్టు పట్టుకుని కిందికి దించింది. "వద్దు. నువ్వు చూపిస్తే అది చోరీ మాల్."

అక్కడే నేల మీద కూర్చుని పంతొమ్మిదో బొమ్మ మళ్లీ వేసింది. ఈసారి చెవికి సన్నటి జంధ్యం పోగు చుట్టింది. కింద "ఒంటికి పోయొస్త, నా సాంచా చూడు" అని నిజం రాసింది. కొత్తగా ఇంకో పేజీ చేర్చి అందులో ఒట్టి చట్రం గీసింది. లోపల బొమ్మ లేదు. కింద "సేఠ్ వచ్చిండు" అని మాత్రం ఉంది. పాత బొమ్మ తీసేసి ఈ రెండూ ఇన్‌స్టాలో పెట్టేసింది. ఖాళీ పేజీకి జ్యూరీవాళ్లు ఏమంటారో అని అడిగాను.

"సవాల్ చేస్తే, ఇది నాది గాదని చెప్త."

గురువారం పొద్దున సంపత్ పాళీ ఎక్కాడని ఏడున్నరకే కబురు వచ్చింది. కాలేజీకి సెలవు పెట్టానని ప్రాజక్త నాకంటే ముందే షెడ్డుకు పోయింది. నేను పదింటికి పోయాను. గుమ్మం బయట నుంచే చూశాను. కనుకయ్య వెనక సాంచాలో తార్ తెగింది. అవతలి వరస నుంచి ఒక చెయ్యి లేచి అతనికి చూపింది. అతను తల ఊపి తార్ అతికాడు. నా గుండెలో బరువు సగం దిగింది.

లోపల కాలు పెట్టాను. అలవాటుగా మొదటి అడుగు నెమ్మదిగా వేశాను. ఆ సైగ రాలేదు. నాకు తెలుసని కనుకయ్య అందరికీ చెప్పేసి ఉంటాడు. రెండో అడుగు వేశాను. అప్పుడు మొదటి వరసలోవాడు చెయ్యెత్తి ఏదో చేశాడు. అది పక్కవాడికి పోయింది, అక్కణ్నుంచి మూడోవాడికి. ఎవరూ దాచి చేయలేదు. నా కళ్లలోకి చూస్తూనే చేశారు. ముప్ఫై ఏళ్లలో నేనెప్పుడూ చూడని సైగ అది. నేను పట్టుకునేలోపే షెడ్డు చివరికి పోయింది. అక్కడ స్టూలు మీద నా కూతురు ఉంది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. కనుకయ్య ఆమెకు ఆ సైగ చేశాడు. ఆమె తల ఊపి, అదే సైగ తిరిగి చేసింది. తప్పు లేకుండా, వాళ్లలో ఒకరిలా.

కనుకయ్య తన మొదటి సాంచా మీద చెయ్యి వేసి ఆపాడు. తరవాత రెండోది. అవతలి వరస ఆగింది. ఇవతలిది ఆగింది. కరెంటు పోలేదు, నెత్తి మీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పండగలకు, శుక్రవారం బందుకు తప్ప పగటిపూట నోరు మూయని ఇరవై నాలుగు సాంచాలు ఒకదాని వెనక ఒకటి నోరు మూశాయి. గాలిలో నూలు దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది. ఆరుగురూ, నా కూతురూ నా వైపు చూస్తున్నారు.

నిలబడిన చోటే లెక్క చూసుకున్నాను. సంపత్‌కు పని వచ్చింది. కనుకయ్యకు చేతులు తిరిగి వచ్చాయి. ప్రాజక్త పుస్తకంలో ఒక నిజం చేరింది, ఒక ఖాళీ చేరింది. నా గుట్టు పోయింది, నాలుగడుగుల బేరం పోయింది. వాటి బదులు నాకు దక్కింది, ఆ షెడ్డులో ఎన్నడూ లేని నిశ్శబ్దం. మనిషి మనిషిని నోటితో అడగగలిగేంత నిశ్శబ్దం.

"ఏంది కనుకన్నా?" అని అడిగాను.